నా చెల్లెలి ప్రార్థనలో లోపం

ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిని నిలబెట్టి, నిండు కూడికలో, మైకులో, "నీ ప్రార్థనలో లోపం ఉండబట్టే దేవుడు నీ బిడ్డల్ని కాపాడలేదు" అన్నాడు ఒక ప్రసంగీకుడు. ఆ తల్లి నా సొంత చెల్లెలు. ఆ మాట అన్నప్పుడు నేను ఆమెకి నాలుగు వరసల వెనక కూర్చుని ఉన్నాను. ఎవరో చెబితే విన్నది కాదు.

ఆ ఒక్క మాట వెంట ఏళ్ళ తరబడి తిరిగాను. చాదస్తం అన్నారు కొందరు. ముసలాడు దేవుడితోనే తగువు పెట్టుకున్నాడని నవ్వారు ఇంకొందరు. దేవుడితో నాకు తగువు లేదని నేను అనను. ఉంది. కానీ అది ఆయనకీ నాకూ మధ్య ఉన్న సంగతి. ఈ తగువు మనిషితో.

మాది నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉన్న ఊరు. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చిన రోజున, ఏటా నవంబరులో మా ఊరి చర్చిలో కూడిక పెడతారు. షామియానా వేస్తారు, బతికి బయటపడ్డవాళ్ళు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెబుతారు. ఒకాయన తాటిచెట్టు మట్టల్లో తెల్లారేదాకా వేలాడాడు. ఒకావిడ గడ్డివామి మీద కొట్టుకుపోయి కరకట్టకి తగులుకుంది. ఎవరు ఎట్టా మొదలుపెట్టినా చివరికి "దేవుడు నన్ను కాపాడాడు" అని ముగించాలి, జనం "స్తోత్రం" అనాలి. అది పద్ధతి. పోయినవాళ్ళ తరఫున సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. వాళ్ళే లేచి చెప్పగలిగితే ఆ కూడిక వారం రోజులు సాగేది.

నా చెల్లెలు ఏటా వెళ్ళేది. ముందు వరసలో చాప మీద కూర్చునేది. కూడికయ్యాక వంటల దగ్గర ఉండేది, గిన్నెలు తోమేది. సాక్ష్యం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చెప్పమని ఎవరూ అడగలేదు కూడా. ఆ రోజు నీళ్ళొచ్చినప్పుడు ఆమె ఒక చేత్తో ఐదేళ్ళ పిల్లాణ్ణి, ఇంకో చేత్తో మూడేళ్ళ పిల్లని పట్టుకుంది. తుమ్మచెట్టు అందింది గానీ దాన్ని పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఇది ఊరందరికీ తెలుసు. తెలుసు గనకే ఆమెని ఎవరూ కదిపేవారు కాదు. మా ఊళ్ళో చదువులు తక్కువే గానీ మర్యాదకి లోటు లేదు.

తొంభైల నడుమ ఒక ఏడు బందరు నుంచి ప్రసంగీకుణ్ణి పిలిచారు. నలభై ఏళ్ళ మనిషి, మంచి గొంతు. సాక్ష్యాలు అయ్యాక లేచి, "ఆ రాత్రి దేవుడు ఎవరెవర్ని కాపాడాడో చేతులెత్తండి" అన్నాడు. అందరూ ఎత్తారు. నా చెల్లెలు ఎత్తలేదు. ముందు వరసలో కూర్చుందాయె, కనిపించకుండా ఎట్టా ఉంటుంది?

"అమ్మా, మీరు ఉప్పెనలో బతికినవారు కాదా?"

"బతికానండి అయ్యగారూ."

"మరి దేవుడు కాపాడలేదా?"

"నన్ను కాపాడాడండి. పిల్లల్ని కాపాడలేదు."

అతను మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆ రాత్రి ప్రార్థన చేశావా?" అన్నాడు. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"చేశానండి."

"ఎలా చేశావో పరీక్షించుకో తల్లీ. నీ ప్రార్థనలో లోపం ఉండబట్టే దేవుడు నీ బిడ్డల్ని కాపాడలేదు. ఆయనలో లోపం ఉండదు."

నేను లేచాను. "ఏమన్నారు? మళ్ళీ అనండి!" అని అరిచాను. మా ఊరి పాస్టరు పరుగున వచ్చి నా భుజం పట్టుకున్నాడు. నెమ్మదైన మనిషి. ఎవరు గొంతు పెంచినా చెమట్లు పట్టేస్తాయి.

"పెదనాన్నగారూ, అతిథి అండీ. మీకు దణ్ణం పెడతాను, బయటికి రండి."

"అతిథి అయితే? ఇంటికొచ్చిన చుట్టం మన పొయ్యి పగలగొడితే చూస్తా కూర్చుంటామా?"

"పొరపాటున నోరుజారాడండీ."

"అట్టయితే అదే నోటితో వెనక్కి తీసుకోమను. అదే మైకులో."

తీసుకోలేదు. కూడిక ముగిసింది. భోజనాల దగ్గర చూద్దును గదా, నా చెల్లెలు కూర గిన్నె పట్టుకుని వంగి, "ఇంకొంచెం వెయ్యమంటారా అయ్యగారూ?" అని అతన్నే అడుగుతోంది. అతను "చాలమ్మా, చాలు" అంటున్నాడు. నేను అన్నం ముట్టకుండా బస్సెక్కి గుడివాడ వచ్చేశాను.

అప్పటికి నేను గుడివాడలో కాపురం. ఉద్యోగం కాలువల మీద, లాకు లస్కరుని. ఎక్కువ కాలం పమిడిముక్కల వైపు ఒక లాకు దగ్గర చేశాను. పైనుంచి కబురు వస్తే షట్టర్లు ఎత్తడం, కబురు వస్తే దించడం, గేజీ చూసి రిజిస్టర్లో రాయడం, అదీ పని. బడి మూడో తరగతితో సరి. తక్కిన చదువంతా ఆ లాకు గట్టు మీద కూర్చుని, దొరికిన కాగితమల్లా చదివి నేర్చుకున్నదే. అందుకని నా మాటల్లో పండితులకి తప్పులు కనపడొచ్చు. నీళ్ళ సంగతిలో మాత్రం కనపడవు.

కూడికయిన రెండు నెలలకి చెల్లెలు మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంది. ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అంది:

"లోపం ఎక్కడుందో తెలిసింది అన్నయ్యా."

"ఏ లోపం?"

"ఆ అయ్యగారు చెప్పింది. నేను ముందు గేదె కోసం ప్రార్థన చేశాను."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చెప్పింది. గాలి మొదలైనప్పుడు పిల్లలిద్దరూ ఇంట్లో ఆమె ఒళ్ళోనే ఉన్నారు. చూడి గేదె బయట పాకలో కట్టేసి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, నోరులేని జీవం, కడుపుతో ఉంది, దాన్ని చూడు" అని మొదలుపెట్టింది. పిల్లల మాట ఆ తర్వాత వచ్చింది. అది పూర్తయ్యేలోపు వాకిట్లోకి నీళ్ళొచ్చాయి.

"గేదె బతికింది గదన్నయ్యా," అంది. "మూడో రోజున కరకట్ట మీద నిలబడి కనిపించింది. ముందు అడిగింది ఇచ్చాడు. తర్వాత అడిగింది ఇవ్వలేదు."

ఆ గేదె ఈనితే దాని పాలు ఆమె ఎందుకు ముట్టలేదో నాకు ఆ రోజు తెలిసింది.

"పిచ్చిదానా," అన్నాను, "పిల్లలు నీ ఒళ్ళో ఉన్నారు. గొడ్డు గాలిలో ఉంది. ఎవరైనా బయట ఉన్నదాని కోసమేగా ముందు అడిగేది?"

"నువ్వట్టా అంటావు. ఆయనకి అట్టా అనిపించలేదేమో."

"ముందు గేదెని అడిగిందని పిల్లల్ని ముంచేవాడు దేవుడెట్టా అవుతాడే? మన ఊరి షావుకారు కూడా అంత లెక్క చూడడు."

ఆమె చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఆమెకి దుఃఖం ఉండేది. ఇప్పుడు దుఃఖం మీద నేరం కూడా వచ్చి కూర్చుంది. తన బిడ్డల్ని తనే చంపుకున్నానన్న నమ్మకంతో ఆమె బతకాలా? నేను బందరు బయల్దేరింది అందుకు. ఇంకెందుకూ కాదు.

అతని ఇల్లు వెతికి పట్టుకున్నాను. మర్యాదగానే కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు.

"ఏ సంఘమండీ మీది?"

"సంఘం తరఫున రాలేదండి. మా చెల్లెలి తరఫున వచ్చాను."

చెప్పాను. అతనికి ఆ కూడిక గుర్తుంది గానీ ఆ మాట గుర్తు లేదు. నా ఒళ్ళు మండింది. ఆమె నిద్రలో కూడా మోస్తున్న మాట, అన్నవాడికి గుర్తు లేదు.

"అయ్యా, మీరు దేవుణ్ణి కోర్టుకి లాగుతున్నారు," అన్నాడు చివరికి.

"దేవుణ్ణి కాదండి. మిమ్మల్ని."

"సరే, మీరే చెప్పండి. దేవుడు మంచివాడు, ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను."

"సర్వశక్తిమంతుడు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను."

"మరి ఈ రెండూ నిజమైనప్పుడు లోపం ఆయన వైపు ఉండదుగా. మనిషి వైపే ఉండాలిగా?"

"లెక్క బాగానే కుదిరిందండి. అది కుదరడానికి ఒక మనిషి తక్కువైతే మా చెల్లెల్ని తీసుకెళ్ళి అందులో పెట్టారు."

"దేవుని మార్గాలు మనకి అర్థం కావండీ పెద్దాయనా."

"అర్థం కానప్పుడు లోపం ఎక్కడుందో మీకెట్టా అర్థమైంది?"

అతను గడియారం చూశాడు. గేదె సంగతి అతనికి చెప్పలేదు. అది ఆమె గుండెలో మాట, పంచాయతీలో పెట్టేది కాదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నది కూడా ఆమె సరేనంటేనే. నా లాకు సంగతి ఒకటి మాత్రం చెప్పాను, అతను వినలేదు. వినేవాళ్ళ కోసం మళ్ళీ చెబుతాను.

ఒక ఏడు వరి పొట్ట మీద ఉండగా పైన కుండపోత వానలు. గట్టు తెగేట్టు ఉంది, షట్టర్లు ఎత్తమన్నారు. ఎత్తాను. కింద ఒక కౌలురైతు చేను తెల్లారేసరికి చెరువైంది. మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు.

"నువ్వేనా ఎత్తింది?"

"నేనేనండి."

"ఎందుకెత్తావు?"

"ఎత్తకపోతే గట్టు తెగుద్ది, ఊరు మునుగుద్ది అన్నారండి."

"మరి నా చేనో?"

ఏం చెప్పను? నీ గట్టు బలంగా లేదనో, నీ ఖర్మ అనో అనొచ్చు. అంటే నాకు సుఖంగానే ఉండేది. అతను తిట్టాడు. చొక్కా పట్టుకున్నాడు. పొద్దుగూకేదాకా నేను అక్కడే నిలబడ్డాను, గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకోలేదు. నీళ్ళ తలుపు ఎవరి చేతిలో ఉందో వాడు అడిగినవాడి ఎదుట నిలబడాలి. నీళ్ళ కింద నలిగినవాణ్ణే నేరస్తుణ్ణి చెయ్యకూడదు. ఈపాటి నీతి షట్టర్లు ఎత్తే లస్కరుకే ఉన్నప్పుడు, సముద్రాన్ని చేసినవాడికి ఉండదా? ఉంటుందనే నా నమ్మకం. ఆయన మంచివాడని నమ్మబట్టే నాకు కోపం. చెడ్డవాడనుకుంటే కోపమే రాదు. దొంగ దొంగతనం చేశాడని ఎవరైనా ఆశ్చర్యపోతారా? మంచివాడనుకున్నవాడి గడపలోనే మనం వెళ్ళి కూర్చుని అడుగుతాం. ఉప్పెన ఎందుకు రానిచ్చావని నేను ఇప్పటికీ అడుగుతున్నాను. ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుని బాధపడ్డవాళ్ళ మీద కేసు పెట్టేవాళ్ళని మాత్రం నడవనివ్వను. ఆయన వాళ్ళకి వకాల్తా ఇచ్చి ఉండడు.

ఇంకో రెండుసార్లు బందరు వెళ్ళాను. మూడోసారి ఇంట్లో ఉండి కూడా లేరనిపించాడు. అప్పటినుంచి ఏటా ఉప్పెన కూడికకి ముందు ఒక పోస్టుకార్డు రాయడం మొదలుపెట్టాను. ఒకే వాక్యం: "మా చెల్లెలి గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటారా, తీసుకోరా?" కవరులో పెట్టకుండా కార్డే ఎందుకు రాశానంటే పోస్టుమాను చదవాలని. అతను చదివితే వీధి చదువుతుంది. ఇది మంచి పనేనా అని నా భార్య అడిగింది. మైకులో అన్నవాడికి కార్డు చాలా చిన్న శిక్ష అన్నాను.

జవాబు రాలేదు. నేను రిటైరయ్యాను. ప్రతి ఏడూ రాశాను. కాలువలకి నీళ్ళు చాలక వంతులు వేసుకునే రోజులొచ్చాయి, శివారు చేలు బీటలు తీశాయి, అప్పుడూ రాశాను. చెల్లెలు ప్రార్థన మానలేదు గానీ పద్ధతి మార్చింది. ఎవరి కోసం ముందు, ఎవరి కోసం వెనక అని వేళ్ళమీద వరస వేసుకుని మరీ చేసేది. ఒకరి పేరు వరస తప్పితే మళ్ళీ మొదటికి వచ్చేది.

ఒకసారి ఊరు వెళ్ళినప్పుడు ఈ ఏటి కార్డు రాశానని ఆమెకి గొప్పగా చెప్పాను. ఆమె చేపలు తోముతోంది.

"ఆయన్నొక్కణ్ణే ఎందుకన్నయ్యా పట్టుకుంటావు?" అంది.

"అన్నది వాడు గనక."

"నువ్వు అనలేదా?"

"నేనా? ఏమన్నాను?"

"ఏటేటా లేచి అంటావుగా. 'దేవుడి దయ వల్ల ఆ రోజు నేను లాకు దగ్గర డ్యూటీలో ఉన్నాను, లేకపోతే నేనూ పోయేవాణ్ణి' అని. నా ఎనకాలే కూర్చుని అంటావు. దయ నీ మీద ఉంటే మరి నా పిల్లల మీద లేనట్టేగా? ఆయన ఒకసారే అన్నాడు. నువ్వు ఇరవయ్యేళ్ళ పైనే అన్నావు."

గొంతులో కోపం కూడా లేదు. పొలుసు తీస్తూనే ఉంది.

మనవాళ్ళందరికీ ఆ మాట నోట్లోనే ఉంటుంది. పంట పండినా, బస్సు అందినా, గండం గడిచినా దేవుడి దయ అంటాం. పక్కన గండం గడవనివాడు కూర్చున్నాడేమోనని చూసుకోం. నేను మాత్రం ఏం చూసుకున్నాను? తప్పు నాది. ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. నేను అడిగేది పరాయివాడు చెయ్యాలంటే ముందు నేను చెయ్యాలి.

ఆ నవంబరులో సాక్ష్యాల వేళకి లేచి మైకు తీసుకున్నాను. నా గురించి తెలుసు గనక పాస్టరుకి అప్పుడే చెమట్లు పట్టాయి.

"ఇన్నేళ్ళూ నేను ఇక్కడ ఒక అబద్ధం చెప్పాను," అన్నాను. "ఆ రోజు నేను లాకు దగ్గర ఉన్నది దేవుడి దయ వల్ల కాదు. డ్యూటీ వేశారు గనక ఉన్నాను. నా మీద ఉన్న దయ నా మేనల్లుడి మీద, మేనకోడలి మీద ఎందుకు లేదో నాకు తెలవదు. తెలియకుండానే సాక్ష్యం చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా చెల్లెలు నన్ను క్షమించాలి."

"ఏం మాట్లాడుతున్నావయ్యా, దైవదూషణ గాదూ ఇది!" అని వెనకనుంచి ఒకాయన లేచాడు. "కూర్చో మావా, ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది?" అని ఆడవాళ్ళలోంచి ఎవరో అన్నారు. నా తర్వాత లేచింది తాటిచెట్టు ఎక్కి బతికిన పెద్దాయన. అలవాటు కొద్దీ "దేవుడు నన్ను" దాకా వచ్చి, నా చెల్లెలి వైపు చూసి ఆగిపోయాడు. "తాటిచెట్టు అందింది. పట్టుకున్నాను. బతికాను. నా పక్కన పట్టుకున్నోళ్ళు జారిపోయారు. అంతేనండి," అని కూర్చున్నాడు. స్తోత్రం అనాలో అక్కర్లేదో ఎవరికీ తెలియలేదు. నాకు మాత్రం ఆ కూడికలన్నిటిలోకీ దేవుడు వినదగిన సాక్ష్యం అదే అనిపించింది.

గుడివాడ వచ్చి ఆ ప్రసంగీకుడికి కార్డు రాశాను. ఈసారి ఒక వాక్యం కాదు. నేను ఏమన్నానో, ఎట్టా వెనక్కి తీసుకున్నానో మొత్తం రాసి, "నేను ఒప్పుకున్నాను. ప్రాణం పోలేదు. ఇక మీ వంతు" అని ముగించాను.

ఏడాది దాకా ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కూడిక ఇంకో నెల ఉందనగా జవాబు వచ్చింది. అదీ పోస్టుకార్డే. పోస్టుమాను చేతికిస్తూ నవ్వు దాచుకోలేకపోయాడు. ఆ పూటే బస్సెక్కాను. చెల్లెలికి అక్షరాలు రావు, అందుకని వాకిట్లో ఇద్దరం నులకమంచం మీద కూర్చున్నాక చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఎన్నడూ 'అయ్యగారు' తప్ప ఇంకో మాట అనని మనిషి, చీర కొంగు విసురుగా దులిపి, "ఈ ముక్క చెప్పడానికి వీడికి ఇన్నేళ్ళు పట్టిందా! అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా! నేను ఆ గొడ్డు పేరెత్తి దేవుడి కాళ్ళు పట్టుకుని ఎన్నిసార్లు ఏడ్చానో వీడికేం తెలుసు!" అంది. ఉప్పెన తర్వాత ఆమెకి ఇంకొకరి మీద కోపం రావడం నేను చూడటం అదే మొదలు. ముఖం ఎర్రబడింది. ఆ తిట్లు వింటుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నోరారా తిట్టనిచ్చాను. అలిసిపోయాక, "ఇంకొక్కసారి చదువు" అంది. ఆ కార్డులో ఉన్నది ఇది:

"అయ్యా, మీ కార్డులన్నీ అందాయి. ఈ జవాబు మీకు కాదు, మీ చెల్లెలుగారికి చదివి వినిపించండి. అమ్మా, మీ ప్రార్థనలో లోపం ఉందన్నది దేవుడు చెప్పిన మాట కాదు, నేను అన్న మాట. మీ బిడ్డలు ఎందుకు పోయారో నాకు తెలియదు. ఆ రోజూ తెలియదు. అందరూ చెయ్యెత్తి మీరొక్కరే ఎత్తకపోయేసరికి, తెలియదని మైకులో ఒప్పుకోవడానికి భయపడి అలా అన్నాను. ఈ ఏడు మీ ఊరి కూడికకి వస్తాను. మైకు ఇస్తే ఇదే చెబుతాను. ఇవ్వకపోతే ఇంటింటికీ వెళ్ళి చెబుతాను."